గీతకు ఇవతల

కిందటి ఎండాకాలం ఉప్పల్ మెట్రో స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉన్నాను. పసుపు గీతకు ఇవతలే ఉన్నాను. అయినా ఎవరో నా మోచెయ్యి పట్టుకుని గోడ దాకా లాగేశారు. కోపంగా తిరిగి చూస్తే, భుజాన పెద్ద సంచీతో నా ఈడు మనిషి.

"ఏమనుకోకు అన్నా, అలవాటైపోయింది" అన్నాడు.

"గీత దాటలేదు కదండీ!"

"మా దోస్తు గూడ దాటలే."

సొంతూరు నాచారమట, ఓడ మీద పనట. ఓడను రేవుకు కట్టే తాడు బిగుసుకుని తెగిందంటే కొరడాలా వెనక్కి కొడుతుందట. అది కొట్టే చోటు ఇదీ అని డెక్కు మీద పసుపు గీత గీసి ఉంచేవారట.

"గీతకు ఇవతల నిలబడు, ఏం గాదని నేనే చెప్పిన. మాకు నేర్పిందే గట్ల. తెగిన తాడు డెక్కు మీది ఇనుప చక్రం చుట్టూ తిరిగి, సీదా వాని మీదికే వచ్చింది."

ఆయన ప్లాట్‌ఫాం మీది గీతను చూస్తూ మళ్ళీ అన్నాడు.

"ఇప్పుడు గీతలు చెరిపేసిన్రు. డెక్కు మొత్తం డేంజరే అని కొత్త రూల్ పెట్టిన్రు."

"మరి మీరెక్కడ నిలబడతారు?"

"ఆడనే. తాడు కట్టాలె గదా అన్నా."

రైలు వస్తోంది, పసుపు గీత వెనక నిలబడండని మైకు చెప్పింది. జనం గీత దాకా వెళ్ళి బుద్ధిగా ఆగారు. ఆయన వాళ్ళనే చూస్తున్నాడు. నా మోచెయ్యి ఇంకా వదల్లేదు.