ఒడిబియ్యం, ఒక సెంటు సీసా

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఊరికే దొరికే వస్తువులను మాత్రం మనస్ఫూర్తిగా నమ్మేవాణ్ణి. నా తెలివితక్కువతనం అక్కడే మొదలైంది కాబట్టి ముందే ఒప్పేసుకుంటాను. ఎవరిదో సరిగ్గా కనుక్కోకుండా ఒక ఆడవాళ్ళ సెంటును, నలభై ఏళ్ళ మగవాణ్ణి, మీసం కూడా ఉన్నవాణ్ణి, రెండు వారాలకు పైగా ఒంటికి కొట్టుకొని తిరిగాను.

ఆంధ్ర దిక్కు మిత్రులు సెంట్ల లెక్కన భూములు కొంటుంటారు. నా జన్మకు దక్కిన సెంటు ఇదొక్కటే. ఇదీ నాది కాదు.

నేను తాండూరులో బండలు పాలిష్ చేసే ఒక యూనిట్లో సూపర్‌వైజర్ని. కాపురం వికారాబాద్‌లో. పొద్దున రైల్లో పోవడం, సాయంత్రం రైల్లో రావడం. రోజంతా తడి బండల మధ్య, బూడిద రంగు బురద మధ్య ఉంటాను. ఇంటికి వచ్చేసరికి నేనూ ఒక బండలాగే వాసన వస్తాను. మా ఆవిడ సరిత గుమ్మంలోనే ఆపి స్నానాలగదికి దారి చూపించేది.

మా పాప మిన్నుకు మాత్రం ఆ వాసనంటే ప్రాణం. మూడేళ్ళది. నేను విప్పేసిన చొక్కా కాలర్లో ముక్కు పెట్టి రెండుసార్లు పీల్చేది, నా భుజం మీద వాలి నిద్రపోయేది. చొక్కా ఉతికేస్తే ఏడుపు. కళ్ళు మూసుకున్నా నన్ను గుర్తుపట్టే మనిషి ఈ లోకంలో అదొక్కతే. ఆ సంగతి విలువ అప్పుడు నాకు తెలియదు.

పోయినేడు వానలు తగ్గాక అనంతగిరి పోయే దారిలో ఒక ఇంటి పై వాటాలోకి మారాం. కింద ఇంటివాళ్ళు ఉండేవారు. మొగులప్ప కాక, ఆయన భార్య మల్లమ్మ చిన్నమ్మ. చుట్టరికమేమీ లేదు, పిలుపులు మాత్రమే. చిన్నమ్మకు షుగర్ వల్ల చూపు పూర్తిగా పోయింది. గేటు తీసింది ఎవరో వాసనతోనే చెప్పేది. పాలాయన నోరు తెరవకముందే గిన్నె పెట్టేది.

మా ముందు గదిలో గోడ అలమారి ఉంది. దాని పై అరలో ఎర్రటి జాకెట్ గుడ్డలో కట్టిన మూట, పక్కన ఒక సెంటు సీసా. మూటలో ఒడిబియ్యం అని చూడగానే తెలిసిపోతుంది. గుడ్డ మీదికి పసుపు ఊరింది. పెళ్ళయిన బిడ్డను పుట్టింటికి పిలిచి, పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు ఒడిలో పోసి పంపడం మా దిక్కు ఆనవాయితీ. ఎక్కడ కాపురం చేస్తున్నా నువ్వు ఈ ఇంటి బిడ్డవేనని దాని అర్థం.

"అవి మా అనసూయవి సార్. మూట ముట్టకుండ్రి. సీసా అయితె వాడుకోండ్రి, ఊకె ఖరాబ్ అయితది" అన్నాడు కాక.

సరిత రెండూ ముట్టలేదు. సీసా మీద ఆడవాళ్ళకని స్పష్టంగా రాసి ఉంది. నాకు చదవడం వచ్చు. ఊరికే దొరికినదానికి లింగభేదం ఏమిటిలే అనుకున్నాను. స్నానం చేసినా బండల వాసన పోవడం లేదని సరిత అంటుంది కదా, దానికి విరుగుడు దొరికిందనుకున్నాను.

ఆ వాసన గురించి చెప్పాలి. కొట్టుకోగానే పాత టేకు బీరువా తలుపు తెరిచినట్టుండేది. కాసేపటికి వడ్రంగి చిత్రిక పట్టిన చెక్క పొట్టు, గంధం, అడుగంటబోతున్న బెల్లం పాకం, అన్నీ కలిసి వచ్చేవి. ఘాటు కాదు, వెచ్చన. ఆ వెచ్చదనమే నాకు నచ్చింది. అది ఎలాంటిదో రైల్లో ఒకరోజు అర్థమైంది. ఎవరో అప్పుడే లేచిపోయిన సీట్లో మనం కూర్చుంటే కింద తగులుతుంది చూడండి, ఆ వెచ్చదనం. నా ఒంట్లోంచి ఎవరో ఇప్పుడే లేచిపోయినట్టు. లేకపోతే కూర్చోబోతున్నట్టు.

పొద్దున రైల్లో నాకు వీపు పెట్టి నిలబడ్డవాళ్ళు "జరుగుండ్రి, ఆడామె వస్తున్నది" అని దారి ఇచ్చేవారు. తిరిగి నా మీసం చూసి నాలిక కరుచుకునేవారు. యూనిట్లో పాలిష్ మిషన్ నడిపే ఖాజా భాయ్ మొదటిరోజే పట్టేశాడు. "క్యా సాబ్, వదినె చీర గూడ కట్టుకొని రావద్దా? సగం సగం ఎందుకు?" అని అందరి ముందూ అడిగాడు. నేనూ నవ్వాను. నవ్వులపాలు కావడం నాకు కొత్త కాదు.

రెండు వారాలు అలా నడిచింది. ఒక సాయంత్రం మెట్లు ఎక్కబోతుంటే గడపలో కూర్చున్న చిన్నమ్మ ముఖం ఒక్కసారి వెలిగింది. "అనసూయా! వచ్చినవా బిడ్డా?" అంది. ఆమె వెనక నిలబడ్డ కాక నా వంక చూసి రెండు చేతులూ జోడించాడు, తర్వాత వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. నేను మాట్లాడకుండా పైకి వచ్చేశాను.

ఆదివారం పొద్దున కాక పైకి వచ్చాడు. అనసూయను బషీరాబాద్ దిక్కు ఇచ్చారట. నాలుగేళ్ళ కింద, ఒడి పోద్దామని ఇక్కడ బియ్యం కలిపి మూట కట్టిన వారమే, అక్కడ ఆమె జ్వరంతో పోయింది. సీసా అంతకుముందు వచ్చినప్పుడు మరిచిపోయినది.

"మీ చిన్నమ్మకు చెప్పలే సార్. చెప్తె ఆమె పానం గూడ పోతది. బిడ్డకు తీరిక లేదు, వస్తది, వస్తది అని నడిపిస్తున్న. నువ్వు ఒక్క పావుగంట వచ్చి కూసో. ఒడి పోస్తది, మనసు సల్లవడ్తది. నీ సొమ్మేం పోతది?"

సరిత వంటింట్లోంచి వచ్చింది. "వద్దు. అది ఆడబిడ్డకు పోసేది. ఆటలు గాదు" అంది.

నేను వెళ్ళాను. జాలి ఒక కారణం. కాదని చెప్పడం చేతకాని నాలిక ఇంకో కారణం. తూర్పు ముఖంగా పీట మీద కూర్చొని ఒళ్ళో తువ్వాల పరిచాను. చిన్నమ్మ నా భుజాన్ని వాసన చూసి, తల నిమిరి, దోసిళ్ళతో బియ్యం పోసింది. నాలుగేళ్ళ నాటి బియ్యం. ఒక్క పురుగు లేదు. అంతకంటే నాకు ఇప్పటికీ అంతుపట్టనిది, అవి వెచ్చగా ఉన్నాయి. ఎండలో పెట్టినవి కాదు, పై అరలోంచి నా చేత్తో నేనే దించి తెచ్చినవి.

"ఇంక పుట్టిల్లు మర్వకు బిడ్డా. పిలిస్తె పలుకు" అంది చిన్నమ్మ.

మూట పైకి తెచ్చాను. సరిత దాన్ని వంటింట్లోకి రానివ్వలేదు. "నువ్వు ఎవరి బిడ్డవో తేలినంక వండుత" అని తలుపు వేసుకుంది. మూట మళ్ళీ అలమారి ఎక్కింది.

ఆ రోజు నుంచి నేను సెంటు కొట్టుకోవడం మానేశాను. వాసన మానలేదు. సబ్బు, నిమ్మకాయ, శనగపిండి అన్నీ అయిపోయాయి. చొక్కాలు మార్చినా, యూనిట్లో బురద నీళ్ళలో పొద్దంతా నిలబడినా అదే. కాకను అడిగితే "ఉతికితె పోతది సార్, ఫికర్ జేయకు" అన్నాడు. చాలా తేలిగ్గా అన్నాడు.

అప్పుడే సీసా గమనించాను. అడుగున మూడో వంతు ఉండాల్సిన సెంటు పెరిగి సగానికి వచ్చింది. కాక మీదే అనుమానం వచ్చింది, మేం లేనప్పుడు వచ్చి పోస్తున్నాడేమోనని. బండల మీద కొలతలు వేసే మార్కర్‌తో సీసాకు గీత పెట్టి, తాండూరు తీసుకుపోయి, నా టేబుల్ సొరుగులో పెట్టి తాళం వేశాను. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. ఖాజా భాయ్ సాక్షి. శనివారం పెట్టాం, సోమవారం ఇద్దరం కలిసి తీశాం. గీత మీద వేలెడు మందం ఎక్కువ ఉంది.

ఖాజా భాయ్ ఆ రోజు నవ్వలేదు. "సాబ్, ఇది ఖాళీ అయితలేదు. నిన్ను ఖాళీ చేస్తున్నది" అన్నాడు. సీసాను యూనిట్లో ఉంచనివ్వలేదు. ఇంటికి తెచ్చుకున్నాను.

ఇక మిన్ను సంగతి. మొదట కాలర్లో ముక్కు పెట్టడం మానేసింది. పెద్దదవుతోంది అనుకున్నాను. ఒక సాయంత్రం నా ఒళ్ళో, నాకు ఎదురుగా కూర్చొని అడిగింది:

"డాడీ ఏడి?"

"నేనే కదా మిన్నూ."

నా ముఖం కాసేపు శ్రద్ధగా చూసింది. వంగి కాలర్ వాసన చూసింది. కాదన్నట్టు తల ఊపింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. చుట్టాల ఒళ్ళోంచి దిగినట్టు మర్యాదగా దిగి, పోయి మెట్ల మీద గేటు వైపు తిరిగి కూర్చుంది. రైలు కూత వినిపిస్తే లేచి నిలబడేది. నేను ఇంట్లోనే ఉండగా, మూడు సాయంత్రాలు నా బిడ్డ నా కోసం ఎదురుచూసింది.

మూడో సాయంత్రం దాని వెనక మెట్టు మీద కూర్చున్నాను. పిలవడానికి భయమేసింది. నన్ను చూసి "నమస్తే ఆంటీ" అంటుందేమోనని. వెనకటి జన్మ వాసనలు అంటారు కదా, ఈ జన్మలోనే నా వాసన పోతే నేను దానికి ఎవరిని?

అప్పుడే కింద చిన్నమ్మ పిలిచింది. "అనసూయా!"

"ఆఁ, వస్తున్ననే అమ్మా."

పలికింది నేనే. గొంతు నాదే. మాట నా నోట్లోంచి వెళ్ళిపోయాకే నాకు వినిపించింది. లేచి రెండు మెట్లు దిగి ఉన్నాను కూడా. వెనక్కి చూస్తే సరిత గుమ్మంలో నిలబడి ఉంది. మిన్నును ఎత్తుకొని లోపలికి పోయి, గిన్నెలు సంచిలో పెట్టడం మొదలుపెట్టింది.

ఇల్లు ఖాళీ చేస్తున్నామని చెబితే కాక కంగారుపడ్డాడు. ఆ కంగారులోనే అసలు మాట జారింది. "ఇంతకుముందున్న టీచరమ్మ గూడ గిట్లనే రెండు నెలలకు పోయింది. వాసన, వాసన అని. కని ఆమె ఒడి పట్టలే సార్. నువ్వు పట్టినవ్ గదా. నువ్వెట్ల పోతవ్?"

అంటే ఆయనకు తెలుసు. ఉతికితే పోదని తెలిసే చెప్పాడు. తన భార్యకు ఒక బిడ్డ కావాలి, అందుకు నా బిడ్డకు తండ్రి లేకపోయినా ఫరవాలేదు. నాకు జీవితంలో కోపం వచ్చిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అది బొటనవేలు.

మధ్యాహ్నం సామాను ట్రాలీ ఆటోలో ఎక్కించాం. కాక తువ్వాల తీగ మీద ఆరుతోంది. పట్టుకారుతో సీసా మూత ఊడదీసి మొత్తం దాని మీద పోశాను. ఆయన తాళంచెవుల కోసం వస్తే "చెమటలు పడుతున్నయ్ కాకా, తుడ్సుకో" అని అందించాను. తుడుచుకున్నాడు. భుజాన వేసుకున్నాడు. వాసన తగిలి ముఖం మారేలోపల నేను మూట విప్పి ఆయన మీదికి వంచాను.

ఒడిబియ్యం నేల మీద పడనివ్వకూడదు. ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు. చేతులు వాటంతట అవే లేచాయి. తువ్వాల పట్టాడు. ఒక్క గింజ కింద పడలేదు.

గడపలో చిన్నమ్మ తల ఎత్తి గాలి పీల్చి నవ్వింది. నా వైపు కాదు.

ఆటో రైల్వే గేటు దాటేసరికి సరిత నా చొక్కా పట్టి వాసన చూసింది. చెమట తప్ప ఏమీ లేదంది. మూడో రోజు నేను తాండూరు నుంచి రాగానే మిన్ను కాలర్లో ముక్కు పెట్టింది. రెండుసార్లు పీల్చి తుమ్మింది. "డాడీ వచ్చిండు" అని వాళ్ళమ్మకు చెప్పి, నా భుజం మీద పడుకుంది. నేను చాలాసేపు కదల్లేదు.

ఆ తర్వాత నా బుర్రకు తోచిన సమాధానాలన్నీ చెప్పుకున్నాను. పసిపిల్ల కొత్త వాసనకు బెదిరి ఉండొచ్చు. నిమ్మకాయలతో రుద్ది రుద్ది నా ముక్కే చెడి ఉండొచ్చు. అలవాటున నోరు పలికి ఉండొచ్చు. కానీ తాళం వేసిన సొరుగులో, నా గీత దాటి వేలెడు ఎక్కిన సెంటుకు, ఆ బియ్యం వెచ్చదనానికి ఈరోజుకీ నా దగ్గర జవాబు లేదు.

వారానికి కాక ఫోన్ చేశాడు.

"సార్, మీ చిన్నమ్మ నన్ను బిడ్డా అంటున్నది. పక్కల్నే కూసున్న గదా, మీ నాయిన ఏడి, ఇంక రాలేదేంది అని నన్నే అడుగుతున్నది. గేటు కాడ కుర్సీ ఏసుకొని నా కోసమే కూసున్నది సార్. ఏం జేయాలె?"

మిన్ను నా భుజం మీద నిద్రపోతోంది. దాని ఊపిరి నా కాలర్లో తగులుతోంది. జాలి కలిగింది. నిజంగానే కలిగింది. కానీ జాలికంటే ముందు, మెట్ల మీద గేటు వైపు తిరిగి కూర్చున్న ఒక చిన్న వీపు గుర్తొచ్చింది.

"ఉతికితె పోతది కాకా" అన్నాను. "ఫికర్ జేయకు."