కొంగ జేబులో గొడుగు

మా అన్నయ్య ఎవరినీ నమ్మడు. ఇది కోపంతో అంటున్న మాట కాదు. కోపం లేదని కాదు, బోలెడంత ఉంది. కానీ నాకు కోపం రాకముందు నుంచీ ఇది నిజం. బస్సులో పక్కవాడు టైమెంతయిందని అడిగితే, "ఎందుకు?" అని అడిగి గానీ చెప్పడు.

ఆయన పని పాటలు చేయడం. మాటలు రాయడం, బాణీ కట్టడం, వాయిద్యాలన్నీ కూర్చి రికార్డు చేసి, పేరున్న గాయకుల చేతిలో పెట్టడం. మీరు మంగలి షాపులోనో, పెట్రోలు బంకులోనో విన్న పాటల్లో ఓ పదైనా ఆయనవి ఉంటాయి. పాడినవాళ్ళ పేర్లు మీకు తెలుసు, ఆయన పేరు తెలియదు. ఆ రంగంలో అందరూ ఆయన్ని తాళాల మాస్టారు అంటారు. నేనూ దాంతోనే సరిపెడతాను.

ఆ పేరు ఊరికే రాలేదు. ఇరవై నాలుగేళ్ళ వయసులో ఆయన ప్రకటనలకు కీబోర్డు వాయించేవాడు. ఒకరోజు ధైర్యం చేసి తన సొంత బాణీ ఒకటి అప్పటి పెద్ద సంగీత దర్శకుడికి వినిపించాడు. ఆయన కళ్ళు మూసుకుని విని, "ఇంకా పండాలి నాయనా" అని భుజం తట్టి పంపేశాడు. ఆరు నెలలకు ఆ బాణీ పండింది, ఆ పెద్దమనిషి పేరు మీద. మా అమ్మ వంటింట్లో రేడియో పెడితే అదే పాట. అన్నయ్య లేచి రేడియో కట్టేసి, "ఇకమీదట నా పాట గడప దాటాలంటే నా అనుమతి కావాలి" అన్నాడు. కుర్రతనం అనుకున్నాం. అన్నంత పనీ చేశాడు.

దర్జీ షాపు పైన, మొదటి అంతస్తులో ఆయన గది. తలుపుకు మూడు తాళాలు. మూడోదాని చెవి ఎప్పుడూ బనియనుకు పిన్నీసుతో గుచ్చి ఉంటుంది. గోడలకు పాత బొంతలు మేకులతో కొట్టాడు. తలుపు కింద సందులో తువ్వాలు కుక్కుతాడు. కంప్యూటరుకు ఇంటర్నెట్టు లేదు. లోపలికి వెళ్ళేవాళ్ళు ఎవరైనా సరే, మెట్ల మీదున్న బిస్కెట్ల డబ్బాలో ఫోను పడేసి వెళ్ళాలి. ఒకసారి జ్వరమొస్తే చూడటానికి వచ్చిన డాక్టరు ఫోను కూడా ఆ డబ్బాలోకే వెళ్ళింది.

ఇందులో నా పాత్ర ఏమిటంటే, నేను ట్రాక్ పాడతాను. పెద్ద గాయకులు బాణీ నేర్చుకోవాలంటే ఎవరో ఒకరు ముందు పాడి పెట్టాలి. అదే ట్రాక్. అసలు మాటలు రికార్డింగు రోజు దాకా అన్నయ్య బయటపెట్టడు కాబట్టి, బాణీ కొలతకు సరిపడా ఏవో డమ్మీ మాటలు పెట్టి పాడతాం. గాయకులు నేర్చుకున్నాక ఆ ట్రాక్ చెరిపేస్తాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ చెరిపేసే గొంతు నాది. కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం చేస్తూ, భోజనాల గంటలో పరిగెత్తుకెళ్ళి పాడి వచ్చేదాన్ని. డమ్మీ మాటలు కూడా నేనే అల్లేదాన్ని. ఆయన వెన్నెల, విరహం అంటూ జుట్టు పీక్కునే చోట నాకు నోటికొచ్చిందే సాహిత్యం. పాడినంతసేపూ ఆయన ముఖం ముడుచుకుని వినేవాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి బాగుందన్న పాపాన పోలేదు. "సరే, సరిపోతుంది" అన్నాడంటే అదే మాకు పండగ.

ఈ ఏడాది మొదట్లో ఒక పేరు మోసిన గాయని తన కొత్త ఆల్బమ్‌లో మొదటి పాట చేయమని అడిగింది. అలాంటి అవకాశం అన్నయ్యకు అదే మొదటిసారి. సంతోషంతో గంతులేస్తాడనుకుంటే, మరో రెండు బొంతలు కొట్టాడు. అంతకుముందు తన బాణీలు రెండింటి పోలిక వేరేవాళ్ళ పాటల్లో కనిపించిందట. "నిప్పు లేనిదే పొగ రాదు. మనలోనే ఎవరో ఉన్నారు" అన్నాడు. మనలో అంటే ఎంతమంది? నేను, మిక్సింగు చేసే సౌండ్ ఇంజనీరు, గాయని మేనేజరు.

ఆ పాటకు నేను అల్లిన డమ్మీ మాటలు ఇవి: "కొంగ జేబులో గొడుగు మరిచింది, సబ్బు ముక్కకు జలుబు చేసింది." ఆ రెండో లైను చివర నాతో మూడు రకాలుగా పాడించాడు. ఒకసారి స్వరం ఉన్నచోటే నిలపమన్నాడు. ఒకసారి కిందికి దించమన్నాడు. మూడోసారి, "నీకు తోచినట్టు పాడు" అన్నాడు. నేను పైకెళ్ళి, అక్కడ ఒక చిన్న మెలిక తిప్పి వదిలాను. ఏది బాగుంటుందో తేల్చుకోలేక పాడిస్తున్నాడనుకున్నాను. అది వల అని నాకేం తెలుసు? నిలబడేది ఇంజనీరుకు, దిగేది మేనేజరుకు, మెలిక ఉన్నది నాకు ఇచ్చాడు, కోరస్ సాధన చేయమని.

ఏడు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం షాపులో ఒకావిడ చెవుల మీద ఫ్రేము సరిచేస్తున్నాను. పైనున్న స్పీకర్లో కొత్త పాటొకటి మొదలైంది. ఎవరో కొత్త బృందం పాట. పల్లవి రెండో లైను పైకి వెళ్ళింది, మెలిక తిరిగింది. నా చేతిలో ఫ్రేము అలాగే ఉండిపోయింది. "ఏమ్మా, నాకు నప్పలేదా?" అని ఆవిడ అడుగుతోంది.

సాయంత్రం వెళ్ళేసరికి అన్నయ్య గదిలో దీపం కూడా వేయకుండా కూర్చున్నాడు.

"ముగ్గురికి మూడు ఇచ్చాను. మెలిక ఉన్నది నీది" అన్నాడు.

"అయితే?"

"అయితే ఏమిటో నువ్వే చెప్పు."

"నేను ఎవరికో ఇచ్చేశానంటావా అన్నయ్యా?"

"నేననడం లేదు. మెలిక అంటోంది."

నాకు తల కొట్టేసినట్టయింది. తోడబుట్టినదాన్ని! మా అమ్మ పోయినప్పుడు కూడా మర్నాడే వచ్చి ట్రాక్ పాడినదాన్ని! హెడ్‌ఫోన్లు బల్ల మీద విసిరేసి, "ఇక నీ ట్రాకులు నువ్వే పాడుకో. ఆ కప్ప గొంతుకి ఏ గాయని పారిపోకుండా ఉంటుందో చూస్తాను" అని మెట్లు దిగొచ్చేశాను. ఫోను డబ్బాలోనే మరిచిపోయి మళ్ళీ ఎక్కాల్సొచ్చింది. అదో అవమానం.

కానీ మాట అక్కడితో ఆగలేదు. గాయని ఆ పాట వద్దంది. "ముందు మీ ఇంటి దొంగని పట్టుకోండి మాస్టారూ" అని మేనేజరు ఫోన్లో అన్నాడట. ఇంటి దొంగ అంటే ఎవరో అందరికీ తెలిసిపోయింది. పదిహేనేళ్ళుగా నన్ను అక్కా అని పిలిచిన సౌండ్ ఇంజనీరు, బజార్లో ఎదురుపడి తల తిప్పుకున్నాడు. దొంగ అనిపించుకున్న ట్రాక్ గాయనిని ఏ గదిలోకీ రానివ్వరు. నా గొంతుకి ఉన్న ఆ ఒక్క చోటూ పోయింది.

అనుమానం అంటువ్యాధి. అది నాకూ పట్టుకుంది. నా ట్రాక్ ఉన్న పెన్‌డ్రైవ్ బీరువాలో చీరల కిందే ఉంది. అయినా నా జాడ్యం ఊరుకుంటుందా? మా ఆయన్ని కూర్చోబెట్టి ఆరా తీశాను. పాటకీ కుక్కర్ కూతకీ తేడా తెలియని మనిషి, పాపం. "కొంపదీసి నిద్రలో ఎవరికైనా పాడానేమో" అని భయపడ్డాడు. షాపులో నా పక్క కౌంటరామెను కూడా రెండు రోజులు ఓరకంట చూశాను. అన్నయ్య చెల్లెల్ని కానా మరి!

అయిదు వారాల తర్వాత మా వదిన, అంటే అన్నయ్య భార్య, షాపుకి వచ్చింది. కళ్ళజోడు స్క్రూ ఊడిందని వంక.

"అమ్మాయ్, ఒక్కసారి ఇంటికి రా. మీ అన్నయ్య అన్నం సరిగ్గా తినడం లేదు" అంది.

"తినకపోతే అనుమానాలే నంజుకోమను" అన్నాను.

అయినా వదిన మాట తీసేయలేక కారెక్కాను. ఇంట్లో పాటల గొడవతో విసిగిపోయిందేమో, స్టీరియో కట్టేసి నడుపుతోంది. దార్లో కార్లు కడిగే షెడ్డు దగ్గర ఆపింది. "ఆదివారం ఆదివారం మీ అన్నయ్యే తెచ్చేవాడు. ఇప్పుడు గది దాటి రావడం లేదు. దుమ్ము పట్టిపోయింది" అంటూ అక్కడివాళ్ళకి తాళాలు ఇచ్చింది. రబ్బరు బూట్లు వేసుకున్న ఒక పెద్దాయన కారు కింద నీళ్ళు కొట్టడం మొదలుపెట్టాడు. కొడుతూ కొడుతూ కూనిరాగం తీశాడు.

"కొంగ జేబులో గొడుగు మరిచింది..."

నేను వదిన చెయ్యి పట్టుకున్నాను. విడుదలైన పాటలో ప్రేమా గీమా అని వేరే మాటలున్నాయి. కొంగ, గొడుగు, సబ్బు ముక్క, ఇవి నా ట్రాక్‌లో తప్ప భూప్రపంచంలో ఎక్కడా లేవు. పెద్దాయన రెండో లైనుకి వచ్చి, నా మెలిక కూడా తిప్పేశాడు. కాస్త వంకరగా తిప్పాడు గానీ నాదే.

"బాబాయ్, ఈ పాట మీకెక్కడిది?" అన్నాను.

"ఈ కారుదేనమ్మా. తాళం తిప్పితే అదే మోగేది. సారు తాళాలు మా చేతిలో పెట్టి నడకకి వెళ్ళేవారు. మేం గట్టిగా పెట్టుకుని కడుక్కునేవాళ్ళం. షెడ్డులో అందరికీ వచ్చేసింది."

"ఇంకెవరైనా విన్నారా?"

"కడిగించుకోడానికి వచ్చినవాళ్ళంతా విన్నారు. ఒకాయన, ఏదో బృందంలో కీబోర్డు వాయిస్తాడట, ఆ కుర్చీలో కూర్చుని మూడుసార్లు పెట్టించుకున్నాడు."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ప్రతి పాటనూ అన్నయ్య ఒక రోజు కారులో విని చూస్తాడు. జనం వినేది అక్కడే, బొంతల గదిలో బాగుంటే సరిపోదు అంటాడు. అది ఆయన పద్ధతి, నాకు తెలుసు. పరీక్ష అయ్యాక పెన్‌డ్రైవ్ పీకి, రెండు వేళ్ళతో పట్టుకుని తనే గదికి తీసుకెళ్తాడు, అదీ తెలుసు. ఈసారి పీకలేదు.

వదిన ఫోను తీసి, "ఏవండీ, కారు మీద పెద్ద గీత పడింది, షెడ్డుకి రండి" అంది. పది నిమిషాల్లో ఎవరిదో స్కూటరు మీద వచ్చేశాడు. చిక్కిపోయాడు. చొక్కా గుండీల మధ్య నుంచి పిన్నీసు మెరుస్తోంది.

"గీతేదీ?"

"గీత తర్వాత. ముందు పాట వినండి" అంది వదిన. పెద్దాయన సిగ్గుపడుతూనే మొదటి నుంచీ పాడాడు, మెలికతో సహా.

అన్నయ్య నోరు వెళ్ళబెట్టాడు. తర్వాత ఆ నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏమిటనుకున్నారు? నా వైపు తిరిగి, "ఈయనకి నువ్వే నేర్పావు కదూ?" అన్నాడు.

నా ఒళ్ళు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే పెద్దాయన అందుకున్నాడు. "అమ్మగారిని ఇవాళే చూడటం సార్. నేర్పింది మీ కారే. ఆ కీబోర్డాయన పాట కూడా విన్నాం లెండి. ఇందులో పాడినావిడ ముందు అది దిగదుడుపే. ఎవరు సార్ ఆవిడ?"

అన్నయ్య కారు తలుపు తీసి పెన్‌డ్రైవ్ చూశాడు. మూడు తాళాలేసుకునే మనిషి, నాలుగో తాళంచెవి ప్రతి ఆదివారం తన చేత్తోనే ఊరి చేతిలో పెట్టాడు. అది ఆయనకు అర్థమవడం నాకు కనిపిస్తూనే ఉంది. కానీ నాకు కావాల్సింది ఇంకొకటుంది.

"అన్నయ్యా, మూడు ట్రాకులున్నాయి కదా, కారులో నాదెందుకు పెట్టావు?"

"పరీక్షకి."

"పరీక్ష ఒక్కరోజు. మూడు నెలలెందుకుంది?"

కారు చక్రాల మీంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయన వాటినే చూస్తూ, దొంగతనం బయటపడ్డవాడిలా విసురుగా, "బాగుంది. అందుకని వింటున్నాను. పీకబుద్ధి కాలేదు" అన్నాడు.

నాకు ఏడుపొచ్చేసింది. నన్ను దొంగని చేసింది ఆ మెలిక. ఆయన దాన్ని రోజూ వినబట్టే అది బయటికి పోయింది. ఈ ఒక్క మాట ఎప్పుడో ఇంట్లో కూర్చుని నాతో అని ఉంటే ఏం పోయేది? తిట్టాలో కాళ్ళకు దండం పెట్టాలో తెలియక, ముక్కు తుడుచుకుని ఫోను తీశాను.

"ఇదే మాట ఇంకోసారి చెప్పు. రికార్డు చేస్తాను."

"ఫోనెందుకు? ఎవరికి వినిపిస్తావు?" అన్నాడు ఠక్కున. పుట్టుకతో వచ్చిన బుద్ధి!

"గాయని మేనేజరుకి. మన ఇంజనీరుకి. నన్ను దొంగ అనుకుంటున్న ప్రతివాడికీ."

ఆయన నన్ను చూశాడు, వదినను చూశాడు, చీపురు పట్టుకుని నిలబడ్డ పెద్దాయన్ని చూశాడు. ఇక తప్పదని తెలిసి నా చేతిలోంచి ఫోను లాక్కుని, నోటికి మరీ దగ్గరగా పెట్టుకుని, "మా చెల్లెలు కాదు. నేనే. కారులో పెట్టుకుని విన్నాను. బాగా పాడిందని విన్నాను. తప్పు నాది" అన్నాడు.

అక్కడే నిలబడి ఇద్దరికీ పంపించాను. వెళ్ళిందని రూఢి చేసుకున్నాక, అన్నయ్య మెల్లగా పక్కకొచ్చి, "సరే, వెళ్ళిపోయింది కదా, ఇక నీ ఫోన్లోంచి చెరిపెయ్" అన్నాడు.

"ఇరవై రెండేళ్ళు నా గొంతు చెరుపుతూ వచ్చావు. ఇది మాత్రం చెరపను" అన్నాను. ఇంకా నా ఫోన్లోనే ఉంది. ఇప్పుడు ట్రాక్ పాడటానికి వెళ్ళినప్పుడల్లా దాన్ని ఆ బిస్కెట్ల డబ్బాలో పెట్టి మరీ లోపలికి వెళ్తున్నాను.