పూజలో ఉన్న డబ్బాకు కొత్త సర్టిఫికెట్

దయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంట. పటాన్‌చెరులో ఒక కంపెనీలో ఫిట్టర్‌గా పనిచేస్తాను. బాయిలర్ వెనకాల ఎవరో మూలుగుతున్నారని షిఫ్టు వాళ్లంతా అటు పోవడం మానేస్తే, నేను వెళ్లి వదులైన బోల్టు బిగించి వచ్చాను. మూలుగు ఆగింది. నేను అట్లాంటి మనిషిని. అయినా ఈ ఒక్క సంగతి మాత్రం నా పానాకు దొరకలేదు.

మా బావ, అంటే అక్క భర్త, ఒక ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకునేవాడు. ఫోటోలూ వీడియోలూ దాచుకోవడానికి ఇంట్లో చిన్న సర్వర్ పెట్టుకున్నాడు. టిఫిన్ డబ్బా కన్నా కాస్త పెద్దది, అంతే. కూతురు చిట్టి కోసం తన గొంతుతో కథలు చెప్పి అందులో దాచాడు. పోయినేడాది ఎండాకాలంలో గుండెపోటుతో పోయాడు.

అక్క, చిట్టి కొల్లూరులో సర్కారు కట్టిచ్చిన డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ల కాలనీకి మారారు. అక్కడ ఇంకా నెట్ లైన్ పెట్టించుకోలేదు. అందుకే డబ్బాను కిష్టారెడ్డిపేటలో మా ఇంటికి తెచ్చాను. అక్క తన ఫోన్ డేటాతో యాప్ తెరిస్తే ఇక్కడి కథ అక్కడ వినిపిస్తుంది. ఐదేళ్ల చిట్టి నాన్న కథ వింటేనే అన్నం తింటుంది. లేకపోతే కంచం తోసేస్తుంది.

ఒకరోజు అక్క ఏడుస్తూ ఫోన్ చేసింది. "తమ్మీ, మీ బావ గొంతు వస్తలేదురా. ఏందో సేఫ్ గాదంటున్నది. అన్నీ పోయినయా?"

ఏమీ పోలేదు. సర్టిఫికెట్ గడువు తీరింది, అంతే. అది మా కంపెనీ గేట్ పాస్ లాంటిది. ఈ డబ్బా మనదే, నకిలీది కాదు అని ఫోన్‌కు చూపిస్తుంది. మూడు నెలలకు తేదీ అయిపోతుంది. అయిపోతే యాప్ తెరుచుకోదు. బావ ప్రతిసారీ గుర్తుపెట్టుకుని చేత్తో కొత్తది తీసుకునేవాడు. మా కంపెనీ కంప్యూటర్ సెక్షన్‌లో రఫీ అని ఉన్నాడు, అతని సాయంతో నేనూ అట్లాగే ఒకటి తీశాను. కానీ మళ్లీ మర్చిపోతే? కథలు అక్క ఫోన్‌కే ఎక్కిద్దామంటే అది ఎప్పుడో నిండిపోయింది.

ఇక అది దానంతటదే రెన్యూ అవ్వాలని పట్టుబట్టాను. రఫీని విసిగించి, ఆదివారాలు కూర్చుని, మొత్తానికి సెట్ చేశాను. ఉత్తుత్తి పరీక్ష పాసైంది. అసలు రెన్యువల్ మాత్రం పాత సర్టిఫికెట్ ఆఖరి రోజు, దసరా పొద్దున జరిగేలా పెట్టాను. ముందే పెట్టొచ్చు. కానీ పండగకి ఇంట్లోనే ఉంటాను, దగ్గరుండి చూసుకోవచ్చు అనుకున్నాను. ఎంత తెలివో చూడండి!

దసరా అంటే మాకు ఆయుధ పూజ. పానాలు, డ్రిల్లింగ్ మిషన్, బండి, అన్నీ కడిగి బొట్లు పెడతాం. ఆ రోజు మిషన్లకు సెలవు. పొద్దున్నే కంపెనీలో పూజకు రమ్మంటే వెళ్లాను. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమైంది. హాల్లో పీట మీద, నా పానాల పక్కన, సర్వర్ డబ్బా! వైర్లన్నీ పీకేసి ఉన్నాయి. దానికి పసుపు, కుంకుమ, పైన బంతిపూల దండ.

"అయ్యో, ఇదెందుకు తీసినవ్?" అన్నాను.

నా భార్య సుజాతకు కోపం వచ్చింది. "గదేంది? దినాం పనిచేసే మిషనే కదా. నీ పానాలకు బొట్లు గావాలె, చిట్టి వాళ్ల నాయిన మిషన్‌కు వద్దా? పొద్దుగాల్నే తీసి పెట్టిన. పూజల వెట్టినంక రేపటిదాంక ముట్టద్దు."

ఆమెను కాదని పూజలోంచి లాగే ధైర్యం నాకు లేదు. ఈ ఒక్కరోజు చిట్టిని ఎట్లాగైనా బుజ్జగించమని అక్కకు ఫోన్ చేశాను. "మాకు పండుగ ఎట్లగూ లేదు, పిల్లను బువ్వన్న తిననీయవా?" అని తిట్టింది. తిట్టదా మరి.

మర్నాడు స్నానం చేసి, దండ తీసి, వైర్లు పెట్టాను. తేదీ దాటిపోయింది, మళ్లీ చేత్తో తీయాలి అని రఫీని పిలిపించుకున్నాను. చూద్దుము కదా, యాప్ తెరుచుకుంది! లోపల కొత్త సర్టిఫికెట్. జారీ అయింది ముందు రోజు పొద్దున, నేను పెట్టిన వేళకే.

ఆ వేళకు ఆ డబ్బా పీట మీద ఉంది. సుజాత పూజకు ముందు తీసిన ఫోటో నా దగ్గర ఉంది. అందులో డబ్బాకు ఒక్క వైరూ లేదు, ఫోటో తీసిన వేళ సర్టిఫికెట్ వేళ కన్నా ముందుది.

డబ్బా గడియారం తప్పిందేమో అని చూశాం. సరిగ్గానే ఉంది. పైగా ఇట్లాంటి సర్టిఫికెట్ ఎవరికిచ్చినా అందరూ చూడగలిగే రికార్డులో ఎక్కుతుందట. అక్కడా అదే తేదీ. డబ్బా లాగ్‌లో, అంటే ఎప్పుడేం చేసిందో అది రాసుకునే చిట్టాలో మాత్రం సుజాత ఆపినప్పటి నుంచి నేను పెట్టేదాకా అంతా ఖాళీ. ఇంకో మిషన్ నుంచి జరిగిందా అంటే, ఇంకో మిషన్ లేదు. బావ లాప్‌టాప్ ఆయన ఉండగానే పాడైతే పాత సామాన్లకు వేశాం.

"అన్నా, కరెంట్ లేకుండ గిట్ల కాదన్నా. కానే కాదు," అన్నాడు రఫీ.

"అయింది కదా మరి?"

"గదే పరేషాన్," అని తల గోక్కుని, చాయ్ తాగి వెళ్లిపోయాడు.

భయమేసిందా అని అడుగుతారు. లేదు. నిజం చెప్పాలంటే, కడుపు నిండినట్టు అనిపించింది.

కథలు మళ్లీ వస్తాయని చెబుదామని అక్కకు ఫోన్ చేశాను. అప్పటికే వెనకాల బావ గొంతు వినిపిస్తోంది. చిట్టి ఇంకో ముద్ద పెట్టమంటోంది. జరిగిందంతా చెప్పాను.

"మీ బావ ఎన్నడన్న పండుగకు ఇంట్ల ఉన్నడారా? డ్యూటీకి పోయుంటడు తియ్," అని నవ్వింది. బావ పోయాక అక్క నవ్వగా వినడం అదే మొదటిసారి.

అప్పటి నుంచి గడువు దగ్గరపడినప్పుడల్లా సర్టిఫికెట్ రెన్యూ అవుతూనే ఉంది. డబ్బా ఆన్‌లో ఉంటుంది కాబట్టి అందులో వింత లేదు. ఆ ఒక్కసారి ఎట్లా అయిందో మాత్రం ఎంత ఆలోచించినా నాకు అంతుబట్టలేదు. మళ్లీ దసరా వస్తోంది. డబ్బాను పూజలో పెట్టాలా వద్దా అని మొన్న సుజాత అడిగింది.

పెట్టు, వైర్లన్నీ తీసే పెట్టు అన్నాను.