నీళ్ల పైన ఊకొట్టే మనిషి

మా ఇంట్లో చెప్పేవాళ్ల కంటే ఊకొట్టేవాళ్లకే పని ఎక్కువ. కట్టంగూరు పొలాల్లో నాట్లేసి వచ్చిన అమ్మ, అక్కడ ఎవరు ఎవర్ని ఏమన్నారో చెప్పడం మొదలుపెట్టిందంటే మధ్యలో ఒక్క ఊ తప్పకూడదు. తప్పితే అక్కడే ఆపేసి, "ఇంటున్నవా, పన్నవా?" అని గద్దించేది. మా అక్కను చేసుకున్న బావకు ఈ విద్య ఎవరూ నేర్పలేదు. పెళ్లికి ముందే పండిపోయి వచ్చాడు.

నాది నీళ్లలో మునిగి చేసే పని. ఎత్తిపోతల పంపుల ముందుండే ఇనుప జాలీలకు పట్టిన చెత్త తీయాలి, గేట్ల కింద ఇరుక్కున్న మొద్దులు లాగాలి. తెలంగాణ వచ్చాక పాలమూరు వైపు పంపులు పెరిగాయి, నాలాంటివాళ్లకు పనీ పెరిగింది. మొదట్లో నోట్లో రబ్బరు ముక్క కరిచిపట్టుకుని దిగేవాళ్లం. ఇక మాట ఎక్కడిది? వానాకాలం కృష్ణ నీళ్లలో మన చెయ్యి మనకే కనపడదు కాబట్టి సైగలూ లేవు. ఏం చెప్పాలన్నా తాడు లాగడమే.

తర్వాత కాంట్రాక్టరు మొహమంతా మూసే మాస్కు తెచ్చాడు. నుదుటి నుంచి గడ్డం దాకా కప్పుతుంది. లోపల మైకు, చెవి దగ్గర స్పీకరు. గాలి పైపుతో పాటే ఫోను తీగ కూడా పైన పడవలో ఉన్న డబ్బా దాకా పోతుంది. ఆ డబ్బా దగ్గర బావ కూర్చునేవాడు. నా గాలీ, తాడూ, ఫోనూ అన్నీ ఆయన చేతిలోనే. అట్లయితేనే నేను దిగడానికి అక్క ఒప్పుకుంది.

ఆ డబ్బాతో ఒక తంటా ఉంది. నా చప్పుడంతా, ఊపిరితో సహా, ఎప్పుడూ పైకి వినపడుతూనే ఉంటుంది. ఆయన గొంతు మాత్రం బటన్ ఒత్తితేనే నాకు వినపడుతుంది. ఒత్తినంతసేపూ నా మాట పైకి పోదు. మొదటి రోజు నేను "కుడి దిక్కు కడ్డీలు..." అనగానే "ఊఁ" అన్నాడు. "వంగి..." "ఊఁ." చెప్పినదాంట్లో సగం ఆయన ఊలే మింగేశాయి. పైకొచ్చి మాస్కు తీస్తూనే అరిచాను.

"బావా, నువ్వు బటన్ ఒత్తుకుంట ఊ కొడితే నా మాట నీకెట్ల ఇనవడ్తది?"

"కొట్టకుంటె ఇంటలేననుకుంటవు గదా."

"అనుకోను తియ్యి. జర నోరు మూస్కొని ఇను."

"నా బామ్మర్ది జూడుండ్రి, ఊపిరి నా చేతుల వెట్టి నన్నే తిడ్తున్నడు," అని పడవలోవాళ్లను నవ్వించాడు. మర్నాటి నుంచి మాత్రం అవసరమైతే తప్ప బటన్ ముట్టలేదు.

అడిగిందే దొరికింది, మనసుకే పట్టలేదు. మాస్కులో మాటా ఊపిరీ ఒకే గాలి మీద నడవాలి. చెప్పడం అయ్యాక పీలుస్తాను, బుడగలు పోతాయి, ఇక ఏమీ ఉండదు. చీకట్లో నాకు నేనే చెప్పుకుంటున్నట్టుండేది. నోరు మూసుకొమ్మన్నది నేనే, మళ్లీ అలిగేదీ నేనే.

ఒక వానాకాలం అచ్చంపేట అవతల పంపులు ఆపించి జాలీ దగ్గరికి దిగాను. కదిలించిన మొద్దు దొర్లి నా పైపు మీదే పడింది. పైకి లేవబోతే మాస్కు మొహం మీద నుంచి గుంజుకుపోయి, పక్క నుంచి నీళ్లు కారాయి. "బావా, పైపు మొద్దు కింద పడ్డది. గుంజకు," అన్నాను. తాడు వదులైంది. విన్నాడని తెలుసు. అయినా చెవిలో ఏ చప్పుడూ లేదు. ఊపిరి నా అదుపు తప్పిపోతోంది. అంత భయం మళ్లీ ఎప్పుడూ పడలేదు. మాస్కు లాగేస్తే గాలి దొరుకుతుందని మనసుకు ఎందుకు తోచిందో, చెయ్యి దానంతటదే పట్టీ మీదికి పోయింది. అది ఊడితే గాలీ పోతుంది, మాటా పోతుంది, నేనూ పోతాను.

"బావా, ఊ కొట్టు," అన్నాను.

"ఊఁ."

"కొడుతనే ఉండు."

"ఊఁ. నీ చేతులు ఏడున్నయి?"

"మాస్కు మీద."

"తియ్యి. పైపు మీద వెట్టు."

పెట్టాను. పైపును తడుముకుంటూ వెనక్కి పోయాను. ఏది తగిలితే అది చెప్పాను. చెప్పి పీల్చుకునే సందులో ఆయన బటన్ ఒత్తి ఊ అన్నాడు, ఒక్కసారీ నా మాట మీద పడలేదు. ఊపిరి నిదానించింది. మొద్దు అంచు దొరికాక నడుముకు కట్టుకున్న గడ్డపారతో ఎత్తి పైపు లాక్కున్నాను.

పడవెక్కాక బావే మాస్కు తీశాడు. ప్రాణం దక్కిందన్న సంతోషం కన్నా కోపమే ముందొచ్చింది. "గప్పటిదాంక ఎందుకు ఊ కొట్టలే? నువ్వు ఇంటున్నవని నాకెట్ల ఎరుక?" అని కసిరాను. పడవ నడిపే పెద్దాయనకు నా మీద ఒళ్లు మండింది.

"మీ బావ ఊ కొట్టుడు ఎన్నడు బంద్ జేసిండు? నువ్వు మునిగినప్పటి సంది తేలేదాంక గా డబ్బ ముంగట కూసొని ఊ కొట్టుకుంటనే ఉంటడు. దినాం గంతే. బటన్ ఒక్కటే ఒత్తడు."

బావ వైపు చూశాను. "నువ్వే గద ఒత్తొద్దన్నవు," అన్నాడు, పైపు చుట్టుకుంటూ.

అందరి ముందూ ఏడ్చాను. సిగ్గనిపించలేదు.