జీపులు వద్దని అమ్మ మమ్మల్ని గండికోట బస్సెక్కించిన రోజు

మా చిన్నప్పుడు... స్నేహితులను మా ఊరికి పిలవాలంటే ముందు వాళ్ళ అమ్మానాన్నల భయం పోగొట్టాలి. "కడపా? బాంబులేస్తారటగా!" అనేదే మొదటి మాట. నేను గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. ఆ మాట విని విని ఒళ్ళు మండిపోయి, తెనాలి పిల్లలు సుజాతనూ పద్మనూ దసరా సెలవులకు మా ఇంటికి లాక్కొచ్చేశాను. చాపాడు దగ్గర పల్లె మాది. మా సీమ ఎంత బాగుంటుందో వాళ్ళు కళ్ళారా చూసి వెళ్ళాలి... అదే నా పంతం.

తిండితో మొదలుపెట్టాను. ప్రొద్దుటూరులో బస్సు దిగగానే ఎర్రకారం దోసెలు... గుంటూరు జిల్లాలో పుట్టిన వాళ్ళు కదా, కంట నీరైనా పెట్టలేదు! సంగటి దగ్గర మాత్రం దొరికిపోయారు. సుజాత రాగి సంగటి ముద్దను నోట్లో పెట్టుకుని నములుతూ కూర్చుంది. నమిలేకొద్దీ అంగిట్లో అతుక్కుపోయింది. మా అమ్మకు నవ్వాగలేదు.

"నమలగూడదు పాపా... పులుసులో అద్దుకోని మింగేయల్ల. పండ్లతో పనే ల్యా!"

మర్నాటికల్లా ఇద్దరూ నాటుకోడి పులుసులో ముంచి గుటుక్కున మింగడం నేర్చేసుకున్నారు. నా గర్వం ఏం చెప్పను...

ఇక గండికోట మిగిలింది. చిక్కు వచ్చింది అక్కడే. జమ్మలమడుగు దారిలో ఒక ఊరుంది. అది అవతలి పార్టీ ఊరు. మా నాయన ఇవతలి పార్టీలో తిరిగే మనిషి. ఆ రోజుల్లో మా ఊరి మగవాళ్ళు ఆ ఊరి మీదుగా పోయేవాళ్ళు కాదు. తప్పనిసరైతే తలకు తువ్వాల కప్పుకుని, బస్సులో కిటికీకి దూరంగా కూర్చునేవాళ్ళు. ఆడవాళ్ళ జోలికి మాత్రం ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. ఊళ్ళ మధ్య ఎంత పగ ఉన్నా అదొక కట్టుబాటు. అయినా నాయన మనసు ఒప్పలేదు.

"ముందొక జీపు, ఎనకొక జీపు... మనోళ్ళను పంపిస్తా. నడమ మీరు కార్లో పోండి" అన్నాడు.

అమ్మ రొట్టెల పిండి చేతులు దులుపుకుని లేచింది. "ఈ పిల్లోళ్ళు కోట చూసేకి వచ్చినారా, నీ జీపులు చూసేకి వచ్చినారా? రేపు ఇంటికి పోయి వాళ్ళమ్మకు ఏం చెప్తారు? బస్సులో పోతాం. నువ్వు ఇంట్లో ఉండు."

నాయన శానాసేపు గొణిగాడు. అమ్మ వింటేనా! తెల్లారేసరికి సజ్జ రొట్టెలు కాల్చి, చెనక్కాయల ఊరుమిండి పచ్చడి నూరి, గిన్నెకెత్తి సిద్ధంగా ఉంది.

బస్సు ఆ ఊళ్ళో ఆగింది. బయట అరుగుల మీద మగవాళ్ళు... నేను తల వంచుకున్నాను. అమ్మ కిటికీ పక్కనే కూర్చుంది, కొంగైనా తల మీదికి లాక్కోలేదు.

అప్పుడు ఎక్కింది ఓబులమ్మ. అమ్మ పుట్టినూరి మనిషి. ఇద్దరూ ఒకే వీధిలో ఆడుకుని పెరిగారు. అమ్మను ఈ పార్టీ ఇంటికిచ్చారు, ఆమెను ఆ పార్టీ ఇంటికిచ్చారు... అంతే, మాటలు ఆగిపోయాయి. నాకు ఊహ తెలిశాక వాళ్ళు పలకరించుకోగా చూడలేదు.

బస్సు ఊరు దాటేదాకా ఆమె ముందు సీట్లో, ముందుకే చూస్తూ కూర్చుంది. చివరి ఇల్లు దాటిందో లేదో లేచి వచ్చి అమ్మ పక్కన కూలబడింది.

"ఏం మే లచ్చుమ్మా... పిల్లోళ్ళను ఏసుకోని యాడికి పోతాండావు?"

"గండికోటకు. మా పాప స్నేహితులు, తెనాలి నుంచి వచ్చినారు. నువ్వు?"

"జమ్మలమడుగుకు, మందులకు... మందులు వచ్చేటప్పుడు తెచ్చుకోవచ్చులే. నేనూ వస్తా పా!"

వచ్చేసింది!

పెన్నా లోయ అంచున నిలబడ్డాం. పలకలు పేర్చినట్టు ఎర్రటి రాళ్ళు, ఎక్కడో అడుగున పచ్చగా నీళ్ళు... పద్మా సుజాతా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కిందికి తొంగి చూశారు. "చూశారా? చూశారా?" అని నేనే వాళ్ళ ప్రాణం తీశాను. వెనక్కి తిరిగితే, అమ్మా ఓబులమ్మా బండ మీద కూర్చుని ఒకే రొట్టెను తుంచుకు తింటూ పడీపడీ నవ్వుతున్నారు. అమ్మ అట్లా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. కోటకంటే అదే ఎక్కువసేపు చూశాను.

తిరుగు బస్సులో ఆ ఊరు కనపడగానే ఓబులమ్మ లేచి ముందు సీట్లోకి వెళ్ళిపోయింది. వెనక్కి తిరగకుండా దిగింది. అమ్మ కూడా అటు చూడలేదు.

సుజాతకు అర్థం కాలేదు. "పొద్దున్నుంచీ అన్ని కబుర్లు చెప్పుకున్నారు కదా ఆంటీ... వెళ్ళొస్తానని కూడా అనలేదేంటి?"

"అంటే వాళ్ళింట్లో దాన్ని నిలేస్తారమ్మా. ఏం మాట్లాడినావు, మన సంగతులు ఏం చెప్పినావు అని..."

అమ్మ గొంతు గట్టిగానే ఉంది, కళ్ళు మాత్రం తుడుచుకుంది. ఎంత దాచినా మా ఊళ్ళ గుట్టు బయటపడిపోయిందే అని నాకు సిగ్గేసింది. సుజాత అమ్మ చెయ్యి పట్టుకుంది. ఊరు చేరేదాకా వదల్లేదు.

ఇప్పుడు ఆ జీపులు లేవు, తువ్వాలలు కప్పుకోవడాలు లేవు. గండికోటకు ఎక్కడెక్కడి నుంచో వచ్చి గుడారాలు వేసుకుని పడుకుంటున్నారు. మొన్న సుజాత తన పిల్లలతో వస్తే, అమ్మను కూడా ఎక్కించుకుని కారులో బయల్దేరాం. ఆ ఊరు రాగానే "నిలపండి" అంది అమ్మ. మోకాళ్ళు పట్టుకుని దిగి, అక్కడున్న మగవాళ్ళంతా చూస్తుండగా కేకేసింది...

"ఓబులమ్మా! ఓ ఓబులమ్మా!"

తల నెరిసిన ఓబులమ్మ గడప దాటి వచ్చింది. "ఏందే లచ్చుమ్మా, ఊరంతా వినపడేట్టు అరుస్తాండావు?"

"వినపడల్లనే అరుస్తాండా!" అంది అమ్మ.

ఆ ఒక్క కేకకు వాళ్ళ వయసంతా పట్టింది... మీ అమ్మ, మీ అవ్వ అట్లా నోరారా పిలవలేకపోయిన స్నేహితురాలు ఎవరైనా ఉంటే, ఆమె సంగతి నాకూ చెప్పండి.