ఉమ్మడి గోడలో దర్వాజ

జగిత్యాలలో ఖిల్లా వెనక పాత గల్లీలో మా ఇల్లు. గూనపెంకల కప్పు, టేకు స్తంభాలు, మూరెడు మందం మట్టిగోడలు. అందులో ఒక గోడ మాకూ పక్కింటికీ ఉమ్మడిది. సిరిసిల్లలో మరమగ్గాలు అమ్మేసి వచ్చిన ఒక పెద్దాయన ఆ ఇల్లు కొని ఏడాది కూడా కాలేదు.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఆ గోడలోంచి టక్కుటక్కుమని చప్పుడు మొదలైంది. నేను దగ్గితే ఆగింది. కాసేపటికి మళ్లీ వినిపించింది. తర్వాత రోజూ అదే వరస.

"గా గోడల ఏదో ఉన్నదని మీ తాత అనేటోడు," అంది అమ్మ గొంతు తగ్గించి. "గా ముచ్చట గాయనకెవలు చెప్పిన్రో!"

నేనైతే ఆ మాట అంతకుముందు ఎప్పుడూ వినలేదు. అయినా ఆనాటి నుంచి ఆయన గేటు మీదే నా కన్ను. ఒకరోజు ఆయన తట్టెడు మట్టి తెచ్చి మోరీ కాలువ పక్కన పోస్తూ కనిపించాడు. ఇక ఆగలేక, పిలవకుండానే వెనకాలే లోపలికి వెళ్లాను. గోడ దగ్గర సుత్తె, ఉలి ఉన్నాయి.

"గోడెందుకు తవ్వుతున్నవ్ కాకా?"

"మొల కొడితే మీ దిక్కు నుంచి చప్పుడు మోగింది, మీరే తవ్వుతున్నరనుకున్న. గోడ గుల్లగ మోగుతున్నది. గందుకే కొట్టి చూస్తున్న," అన్నాడు నన్ను ఎగాదిగా చూస్తూ.

రాలిన సున్నం వెనక ఇటుకలు కనిపిస్తున్నాయి. మట్టిగోడలో ఇటుకలేమిటి? మరునాడు మేస్త్రీని పిలిచాం. పెద్దాయన అటువైపు, నేనూ అమ్మా ఇటువైపు నిలబడ్డాం. ఇటుకలు తీసేకొద్దీ చెక్కుడు పనితో టేకు దర్వాజ ఒకటి బయటపడింది. పైన చిలుకలు, తామరపూలు. గడప నడుమ పాదాల రాపిడికి అరిగిపోయింది. రెండిళ్లూ ఒకప్పుడు ఒకటే ఇల్లన్నమాట. ఎందుకు మూశారో అమ్మకూ తెలియదు.

అందులో ఇంకేమీ లేదు. పెద్దాయన అమ్మ వైపు తిరిగాడు.

"అక్కా, గిందుల ముందుగాల ఏమన్న ఉండెనా?"

"ఉంటే మేం గీ కారే పెంకల కింద ఎందుకుంటం?"

ఆయన తలూపాడు. తెల్లవారి చూస్తే తన వాకిట్లో కూర్చుని ఆ మట్టిని జల్లెడ పడుతున్నాడు. అమ్మతో చెబుదామని లోపలికి వస్తే, ఆమె మావైపు రాలిన మట్టిని చేటలో పోసుకుని వేళ్లతో కెలుకుతోంది.

దర్వాజ ఎవరిదో తేలలేదు. మళ్లీ ఇటుకలు పేర్పించాం. ఆఖరి ఇటుక పడేదాకా అటు ఆయనా, ఇటు అమ్మా అక్కడినుంచి కదలలేదు.