బావ తీసేసిన సెట్టింగులు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే, నేను లేచి టీ తాగడానికి పోయే రకం. మాదాపూర్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకోవడం నా ఉద్యోగం. "నేనేం చెయ్యలేదు సార్, దానంతటదే పోయింది" అని రోజూ ఎవరో ఒకరు అంటారు. దానంతటదే ఏదీ పోదు, ఎవరో కెలికే ఉంటారు. ఒక్క ఆదివారం సంగతి పక్కన పెడితే, నా నమ్మకం ఇప్పటికీ అదే.

మా అక్క నార్సింగిలో ఉంటుంది. బావ నిరుడు గుండెపోటుతో పోయాడు. ఆయన జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసేవాడు. అక్కడ యంత్రాల పక్కనుండే కంప్యూటర్లలో సెట్టింగులు కనపడకుండా తీసేస్తారు. ఎవరైనా తెలియక ఏదో నొక్కితే సరుకంతా పాడవుతుందని భయం.

బావ ఆ అలవాటు ఇంటికీ తెచ్చాడు. చుట్టాల్లో ఎవరి లాప్‌టాప్‌లో లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించినా, చివర్లో సెట్టింగులన్నీ పీకేసి చేతికిచ్చేవాడు. అక్షరం సైజు మార్చాలన్నా ఆయనకు ఫోన్ చెయ్యాల్సిందే. మేం ఆటపట్టించేవాళ్లం. అక్క మాత్రం నవ్వేది కాదు.

ఈ మధ్య అక్కకు ఇంటి నుంచే చేసే ఉద్యోగం దొరికింది. సోమవారం చేరాలి. లాప్‌టాప్ మాత్రం తనే చూసుకోవాలన్నారు. ఇంట్లో ఉన్నది బావ లాప్‌టాప్ ఒక్కటే, అదీ మొరాయిస్తోంది. బావ లేకుండా దాన్ని ముట్టుకునే ధైర్యం లేక అక్క నన్ను పిలిచింది. ఈ పని చేతికందకపోతే ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడమే.

ఆదివారం మధ్యాహ్నం అక్క ఇంట్లో భోజనాలయ్యాక మొదలుపెట్టాను. పాత డిస్క్ పూర్తిగా చెడిపోయింది. తీసి పక్కన పడేసి కొత్తది బిగించాను. అంటే బావ పెట్టినదేదీ అందులో మిగల్లేదు. నా పెన్‌డ్రైవ్‌తో లినక్స్ ఎక్కించాను. అంతా సవ్యంగానే అయింది. మెనూ తెరిస్తే సెట్టింగులు లేవు. స్క్రీన్, మౌస్, ప్రింటర్, ఏ ఒక్కటీ లేదు.

పెన్‌డ్రైవ్‌లో లోపమనుకుని నా లాప్‌టాప్‌లో పెట్టి చూశాను. అన్నీ ఉన్నాయి. అక్క లాప్‌టాప్‌లో మళ్లీ మొదటి నుంచి ఎక్కించాను. మళ్లీ లేవు. సెట్టింగులు విడిగా ఎక్కించబోతే, ఇప్పటికే ఉన్నాయని కంప్యూటర్ చెబుతుంది. తెరవమంటే అలాంటివి లేవంటుంది.

అక్క వంటింట్లోంచి వచ్చి చూసింది. తన మౌస్ తెచ్చి తగిలించింది. అక్కది ఎడమచెయ్యి వాటం. మౌస్‌లో మీటలు అటుదిటు, ఇటుదటు మార్చి ఇస్తేనే తనకు కుదురుతుంది. నేనింకా ఏదీ మార్చలేదు, కీబోర్డుతోనే పని కానిస్తున్నాను. అక్క ఎడమచేతి చూపుడువేలితో కుడివైపు మీట నొక్కింది. ఫైలు తెరుచుకుంది, మీటలు ముందే మార్చి ఉన్నట్టు.

అప్పుడు గమనించాను. అక్షరాలు కూడా అక్క కళ్లకు సరిపోయేంత పెద్దగా ఉన్నాయి. పాత స్క్రీన్ కదా అని అంతవరకూ పట్టించుకోలేదు. అన్నీ ఆమెకు కావలసినట్టే అమర్చి, మార్చే దారి మూసేసి ఉంది.

అక్క ముఖంలో భయం లేదు, కోపం ఉంది. "చూసినవా తమ్మీ, గిప్పుడు గూడ నన్ను ముట్టనిస్తలేడు మీ బావ. నేర్చుకుంట అన్నప్పుడల్లా 'నేనున్న గదా, నీకెందుకు ఫికర్' అంటుండె" అంది.

తర్వాత లాప్‌టాప్ వైపు తిరిగి, ఎదురుగా మనిషి ఉన్నట్టే అంది. "నువ్వు లేవు గదయ్యా. ఇగ నన్ను చూసుకోనియ్యి."

ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి రీస్టార్ట్ చేశాను.

సెట్టింగులు వచ్చాయి. అన్నీ, ఉండాల్సిన చోటే. అక్షరాలు మాత్రం చిన్నవైపోయాయి. అక్క మళ్లీ ఎడమచేత్తో నొక్కింది. ఫైలు తెరుచుకోలేదు. నేను సాయం చెయ్యబోతే నా చెయ్యి నెట్టేసింది. కళ్లు చికిలించుకుని, తప్పులు నొక్కుతూ, వెతికి వెతికి మౌస్ తనే మార్చుకుంది. అక్షరాలూ తనే పెద్దవి చేసుకుంది.

తర్వాతి ఆదివారం లాప్‌టాప్ మా ఇంటికి తెచ్చి, ఎప్పుడేం జరిగిందో అది రాసుకున్న వివరాలన్నీ తిరగేశాను. అక్కడ ఎవరూ ఏదీ తీసేసినట్టు లేదు, తిరిగి పెట్టినట్టూ లేదు. ఆఫీసులో చెబితే ఇన్‌స్టాలేషన్ సరిగ్గా జరగలేదేమో అన్నారు. సరే, అదే అనుకుందాం. మరి మౌస్ మీటలు ఎవరు మార్చారు?

అక్క ఉద్యోగం చేసుకుంటోంది. కానీ ఆ ఆదివారం అక్షరాలు పెద్దవి చేసుకున్నాక ఆమె టేబుల్ మీద తల వాల్చి ఏడ్చిన ఏడుపు నన్ను వదలడం లేదు. బావ శవం దగ్గర కూడా అక్క అంతలా ఏడవలేదు.

"ఇగ పోయిండు తమ్మీ" అంది ఆ ఏడుపులోనే. "నేనే పొమ్మన్న."